పిట్స్‌బర్గ్‌లో పులిహోర, ఫ్రాంకో హ్యారిస్ క్యాచ్

శుక్రవారం

అమెరికాలో తూర్పు వైపు ఉండే తెలుగువాళ్ల ఇంటికి అమ్మానాన్నలు వస్తే చూపించాల్సినవి కొన్ని ఉంటాయి. నయాగరా, వాషింగ్టన్, లిబర్టీ విగ్రహం, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి. మా వాళ్లకి మొదటి మూడూ అయిపోయాయి. అక్టోబరులో చెట్లు రంగు మారే టైమ్ చూసుకుని నాలుగోదానికి బయల్దేరాం.

అమ్మకి గుడి, నాన్నకి కారు ప్రయాణం. మా ఆయనకి మాత్రం ఇంకో పని ఉంది. ఆయన ఎంఎస్ చేసింది పిట్స్‌బర్గ్‌లోనే. రెండేళ్లు చదివినందుకు డిగ్రీ ఒకటి, స్టీలర్స్ అనే ఆ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ మీద పిచ్చి ఒకటి వెంట తెచ్చుకున్నారు. డిగ్రీ ఏ అట్టపెట్టెలో ఉందో తెలీదు. రెండోది ప్రతి ఆదివారం మా హాల్లో కూర్చుంటుంది, సెప్టెంబర్ నుంచి జనవరి దాకా.

హ్యారిస్‌బర్గ్ దాటి పెన్సిల్వేనియా టర్న్‌పైక్ ఎక్కాక కొండల కింద సొరంగాలు మొదలవుతాయి. బ్లూ మౌంటెన్, కిట్టటిన్నీ ఒకదాని వెనక ఒకటి, కాసేపటికి టస్కరోరా, ఇంకా ముందుకెళ్తే అలెగెనీ. నాన్న ప్రతి సొరంగం ముందూ పేరు చదివి, బయటికి రాగానే "తర్వాతది ఎంత దూరం అల్లుడుగారూ?" అని అడిగారు. ఈయన దూరం చెప్పి, ఆ వెంటనే అమెరికన్ ఫుట్‌బాల్ పాఠం ఎత్తుకున్నారు. బంతి చేతిలో ఉన్న టీమ్‌కి నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు, పోలేకపోతే బంతి అవతలివాళ్లది. అవతలి కొసన ఉన్న గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు.

"మరి కాలితో తన్నేదెప్పుడండీ?" అంది అమ్మ వెనక సీట్లోంచి.

"అప్పుడప్పుడు అత్తయ్యగారూ" అన్నారీయన, కొంచెం నీరసంగా.

రాత్రికి మన్రోవిల్‌లో హోటల్. టర్న్‌పైక్ దిగగానే ఉంటుంది, గుడికి దగ్గర. లిఫ్ట్‌లో పట్టుపంచెలు, రిసెప్షన్‌లో తెలుగు. అమ్మకి ఎక్కడికొచ్చామో అర్థం కావడానికి కాస్త టైమ్ పట్టింది.

శనివారం

పెన్ హిల్స్ అనే శివారులో కొండవాలు మీద గుడి. తెల్లటి గోపురం, చుట్టూ ఎర్రగా, పసుప్పచ్చగా మారిన చెట్లు. 1970ల్లో కట్టారు. అమెరికాలో మన పద్ధతిలో కట్టిన తొలి గుళ్లలో ఇదొకటి. అప్పట్లో ఇన్ని ఊళ్లలో గుళ్లు లేవు కాబట్టి పిల్లవాడి పుట్టువెంట్రుకలన్నా, పెళ్లయిన కొత్తలో మొక్కన్నా ఎక్కడెక్కడినుంచో ఇక్కడికే వచ్చేవాళ్లు. ఇప్పుడు న్యూజెర్సీలో మా ఎడిసన్ చుట్టుపక్కలే ఎన్నో గుళ్లు ఉన్నాయి. అయినా పిట్స్‌బర్గ్ వెళ్లొచ్చాం అంటే ఆ మాట బరువు వేరు. కింద క్యాంటీన్‌లో పులిహోర, దద్ధోజనం తిన్నాం. పులిహోర గురించి విన్నదంతా నిజమే, ఇంగువ వాసన మెట్ల మీదే తగిలింది. అమ్మ ఇంకో రెండు పొట్లాలు కట్టించుకుంది.

మధ్యాహ్నం ఊళ్లోకి వెళ్లాం. స్ట్రిప్ డిస్ట్రిక్ట్ అనే పాత మార్కెట్ వీధుల్లో పేవ్‌మెంట్ పొడుగునా నలుపు, పసుపు రంగుల బట్టలే. టోపీలు, కుక్కలకి చొక్కాలు, చంటిపిల్లలకి సాక్సులు. వాటి మధ్య పసుప్పచ్చ తువ్వాళ్లు. ఈ తువ్వాలుకి టెరిబుల్ టవల్ అని పేరు. రేడియోలో స్టీలర్స్ మ్యాచ్‌లకి వ్యాఖ్యానం చెప్పిన మైరన్ కోప్ 1975లో మొదలుపెట్టించాడు. మ్యాచ్‌లో అందరూ తలల మీద గిరగిరా తిప్పుతారు. ఆ తువ్వాలు హక్కులని ఆయన 1996లో మానసిక వైకల్యం ఉన్నవాళ్లని చూసుకునే అలెగెనీ వ్యాలీ స్కూల్‌కి రాసిచ్చేశాడు. నాన్న ఆ సంగతి విన్నాకే ఒకటి కొన్నారు. అంతకుముందు బేరం అడుగుదామా అని ఆలోచిస్తున్నారు.

దగ్గర్లోనే హైంజ్ హిస్టరీ సెంటర్. ఈ ప్రాంతపు ఉక్కు, గాజు, కెచప్ చరిత్ర అంతా ఆ భవనంలో ఉంది. మా ఆయన మాత్రం మమ్మల్ని తిన్నగా క్రీడల విభాగానికి లాక్కెళ్లి ఒక జత పాత బూట్ల ముందు నిలబెట్టారు. ఫ్రాంకో హ్యారిస్ 1972 డిసెంబర్ 23న వేసుకున్న బూట్లు. ఈ ఊరివాళ్లు ఇమాక్యులేట్ రిసెప్షన్ అని పిలుచుకునే క్యాచ్ ఆ బూట్ల దగ్గరే పట్టాడు, నేలకి జానెడు ఎత్తులో.

కథ తెలియనివాళ్ల కోసం చెప్తాను. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ టీమ్ పుట్టింది 1933లో. 1972 దాకా ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా గెలవలేదు. ఆ ఏడాది టీమ్‌లో చేరిన కొత్త కుర్రాడు ఫ్రాంకో. అతని నాన్న నల్లజాతి సైనికుడు, అమ్మ ఇటలీ ఆవిడ. ఊళ్లోని ఇటాలియన్లు హెల్మెట్లు పెట్టుకుని ఫ్రాంకోస్ ఇటాలియన్ ఆర్మీ అని ఒక అభిమాన దండే కట్టారు. ఆ శనివారం త్రీ రివర్స్ స్టేడియంలో ఓక్లాండ్ రైడర్స్‌తో మ్యాచ్. స్టీలర్స్ 6, రైడర్స్ సున్నా. ఇంక 73 సెకండ్లు ఉందనగా రైడర్స్ క్వార్టర్‌బ్యాక్, అంటే టీమ్‌లో బంతి విసిరే ఆటగాడు, కెన్ స్టేబ్లర్ 30 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. దాని వెంట వచ్చే అదనపు పాయింటుతో కలిపి 7-6.

స్టీలర్స్‌కి బంతి వచ్చింది, ముందుకు పోలేకపోయారు. మిగిలింది 22 సెకండ్లు, నాలుగో అవకాశం, పోవాల్సింది పది గజాలు. క్వార్టర్‌బ్యాక్ టెర్రీ బ్రాడ్‌షా అసలు వేయాల్సింది బ్యారీ పియర్సన్ అనే కొత్తవాడికి. రైడర్స్ మీదకి దూసుకొచ్చేసరికి తప్పించుకుని, దూరంగా కనబడిన ఫ్రెంచీ ఫుకువా వైపు విసిరాడు. బంతి చేరేసరికి రైడర్స్ ఆటగాడు జాక్ టేటమ్ వచ్చి ఫుకువాని గుద్దేశాడు. బంతి ఎగిరి వెనక్కి వచ్చింది, చాలా గజాలు. అంతా అయిపోయిందనుకున్న చోట ఫ్రాంకో వంగి దాన్ని అందుకుని, ఆగకుండా ఎడమ అంచు వెంబడి పరిగెత్తి గీత దాటేశాడు. గడియారంలో 5 సెకండ్లు మిగిలాయి. 13-7.

అప్పటి రూల్ ప్రకారం ఒక టీమ్‌లో ఒకడికి తగిలిన బంతిని మధ్యలో ప్రత్యర్థి ముట్టుకోకుండా అదే టీమ్‌లో ఇంకొకడు పట్టుకోకూడదు. కాబట్టి బంతి తగిలింది టేటమ్‌కా, ఫుకువాకా? రిఫరీ ఫ్రెడ్ స్వేరింజన్ తోటివాళ్లతో మాట్లాడి, మైదానం పక్కనున్న బేస్‌బాల్ టీమ్ ఫోన్ అందుకుని పైన కూర్చున్న లీగ్ అధికారికి ఫోన్ చేశాడు. తిరిగొచ్చి చేతులు పైకెత్తాడు. టచ్‌డౌన్. రీప్లే చూసి చెప్పారని, స్టేడియం నుంచి ప్రాణాలతో బయటపడలేమని అలా చెప్పారని రైడర్స్ వాళ్లు చాలా ఏళ్లు అన్నారు. ఆ రూల్‌ని 1978లో తీసేశారు.

"బావుంది" అన్నారు నాన్న బూట్ల వైపు చూస్తూ. ఆయనకి క్రికెట్ తప్ప వేరే ఆట ఎక్కదు. మర్యాదకి అన్నారని నాకు తెలుసు.

అక్కణ్ణుంచి డౌన్‌టౌన్‌కి వచ్చి టి అనే లోకల్ రైలు ఎక్కాం. ఊరి మధ్యలో టికెట్ అక్కర్లేదు, అలెగెనీ నది కిందనుంచి నార్త్ షోర్‌కి తీసుకెళ్తుంది. త్రీ రివర్స్ స్టేడియం ఇప్పుడు లేదు. 2001 ఫిబ్రవరిలో పేల్చి కూల్చేశారు. ఆ స్థలంలో పార్కింగ్‌లు, ఆఫీసులు, ఒక కచేరీ హాలు. వెస్ట్ జనరల్ రాబిన్సన్ వీధిలో కాలిబాట మీద మాత్రం ఫ్రాంకో బంతి పట్టిన చోటు ఇదేనని గుర్తు పెట్టారు, 40 ఏళ్లు నిండినప్పుడు, 2012లో. చూడకుండా నడిస్తే దాటిపోతాం.

మేం వెళ్లేసరికి అక్కడ ఓ తండ్రీ కొడుకూ ఉన్నారు. కొడుక్కి ఎనిమిదేళ్లుంటాయేమో. తండ్రి కొంచెం దూరంలో నిలబడి ఖాళీ చేతుల్తో బంతి విసిరినట్టు చేస్తున్నాడు, వాడు వంగి పట్టినట్టు చేసి పార్కింగ్ వైపు పరిగెడుతున్నాడు. మమ్మల్ని చూసి ఆ తండ్రి నవ్వి, "వీళ్ల తాత నాకు ఇక్కడే నేర్పాడు. అప్పటికి ఈ గుర్తు కూడా లేదు, ఉజ్జాయింపుగా ఇక్కడే అనేవాడు" అన్నాడు. ఆ తండ్రి 1972కి పుట్టి ఉండడు.

సాయంత్రం డ్యూకేన్ ఇంక్లైన్ ఎక్కి కొండ మీంచి రెండు నదులు కలిసి ఒహాయో అయ్యే చోటు చూశాం. క్యూ పెద్దది, చలి ఎక్కువ, అమ్మకి కాళ్లు నొప్పులు. ఫోటోలు బాగా వచ్చాయి.

ఆదివారం

మ్యాచ్ రోజు. టికెట్ ధరలు చూసి ఎప్పుడో ఆశ వదులుకున్నాం. అయినా స్టేడియం చుట్టూ ఉండే సందడి చూపిస్తానని మా ఆయన మాటిచ్చారు. డౌన్‌టౌన్‌లో కారు పెట్టి రాబర్టో క్లెమెంటే వంతెన మీద నడిచి నది దాటాం. పసుప్పచ్చ ఉక్కు వంతెన. క్లెమెంటే ఈ ఊరి బేస్‌బాల్ టీమ్ పైరేట్స్‌లో ఆడాడు, అదే త్రీ రివర్స్ స్టేడియంలో. 1972 డిసెంబర్ 23నే, అంటే ఫ్రాంకో క్యాచ్ పట్టిన తేదీనే, నికరాగ్వాలో మనాగ్వా నగరాన్ని భూకంపం నేలమట్టం చేసింది. అక్కడి బాధితులకి సామాన్లు తీసుకెళ్తూ డిసెంబర్ 31న క్లెమెంటే విమానం సముద్రంలో కూలిపోయింది. స్టీలర్స్ మయామీ చేతిలో 21-17తో ఓడి ఇంటిదారి పట్టింది కూడా ఆ రోజే. ఈ ఊళ్లో పెద్దవాళ్లకి ఆ తొమ్మిది రోజులూ కలిసే గుర్తొస్తాయట.

పార్కింగ్‌లన్నీ పొద్దున్నే నిండిపోయాయి. కార్ల డిక్కీలు తెరిచి, పొయ్యిలు పెట్టి, మాంసం కాలుస్తూ, మడత కుర్చీల్లో కూర్చున్నారు. దీన్ని టెయిల్‌గేటింగ్ అంటారు. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నాన్న మాత్రం నిన్న కొన్న తువ్వాలు మెడకి చుట్టుకుని వచ్చారు, చలికి. అది పనికొచ్చింది. ఒక వ్యాన్ దగ్గర ఓ పెద్దాయన, డెబ్భైకి దగ్గర వయసు, నాన్న మెడలో తువ్వాలు చూసి చెయ్యి ఊపి పిలిచాడు. కుర్చీ వేశాడు. తాగేది ఏదైనా ఇవ్వబోతే నాన్న వద్దన్నారు, కాఫీ అంటే తీసుకున్నారు.

నేను మొహమాటపడుతూనే అడిగాను, ఆ మ్యాచ్ మీరు చూశారా అని.

"చూళ్లేదు" అన్నాడాయన నవ్వుతూ. "మా ఊళ్లో చూసినవాళ్లు చాలా తక్కువ. చూశామని చెప్పేవాళ్లు చాలా ఎక్కువ."

అప్పట్లో సొంతూళ్లో ఆడే మ్యాచ్‌ని ఆ ఊరి టీవీలో వేసేవారు కాదట. టికెట్లన్నీ అమ్ముడుపోయినా సరే, చుట్టుపక్కల 75 మైళ్ల దాకా ప్రసారం బంద్. ఆ రూల్ మార్చింది మరుసటి ఏడాది. టికెట్ దొరికినవాళ్లు సుమారు 50 వేల మంది స్టేడియంలో ఉన్నారు. డబ్బులున్నవాళ్లు ఆ గీత దాటి మోటెల్ గదులు తీసుకుని టీవీ చూశారు. మిగతా ఊరంతా రేడియో. ఈయనకి అప్పుడు పద్దెనిమిదేళ్లు, బాబాయి గ్యారేజీలో రేడియోకి చెవి ఆనించి ఉన్నాడు. కామెంటేటర్ గొంతు ఒక్కసారి పైకి లేచింది, తర్వాత ఏం చెప్తున్నాడో అర్థం కాలేదు. వీధిలోకి వచ్చి చూస్తే ఎదురింటాయన కూడా బయటికి వచ్చాడు, ఏమైంది అని ఒకరినొకరు అడుక్కున్నారు.

పక్క కుర్చీలో ఉన్న ఇంకో ఆయన అందుకున్నాడు. వాళ్లన్నయ్య దగ్గర టికెట్ ఉంది, స్టేడియంలోనే ఉన్నాడు. స్టేబ్లర్ టచ్‌డౌన్ చేయగానే తిట్టుకుంటూ లేచి బయటికి వచ్చేశాడు. పార్కింగ్‌లో ఉండగా వెనకనుంచి ఆ అరుపు వినబడింది. "చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. అందరితోనూ లోపలే ఉన్నానని చెప్పేవాడు. నాకు ఒక్కడికే తెలుసు" అన్నాడు.

ఆ మాటకి నాకు మా ఆయన కారులో చెప్పినవి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బంతి విసిరిన బ్రాడ్‌షాని పడగొట్టేశారు, ఏం జరిగిందో ఆయన చూడలేదు. ఫుకువా కింద పడి ఉన్నాడు. టీమ్ యజమాని ఆర్ట్ రూనీ, నలభై ఏళ్లు ఒక్క ప్లేఆఫ్ గెలుపు కోసం ఎదురుచూసిన మనిషి, ఓడిపోయారనుకుని కుర్రాళ్లని ఓదార్చడానికి కిందికి బయల్దేరాడు. ఆ క్షణానికి లిఫ్ట్‌లో ఉన్నాడు. టీవీ కెమెరాల్లో చూసినా బంతి నేలకి తగిలిందా లేదా తేటగా కనబడదు. ఫ్రాంకో కూడా బంతి వైపు కదలడం తప్ప తర్వాత గీత దాటేదాకా తనకి ఏమీ గుర్తులేదని చెప్పేవాడు. అసలు జరిగింది చూసినవాడు ఎవడు మరి?

బంతి ఎవరికి తగిలిందన్న గొడవ ఆ వ్యాన్ దగ్గర మళ్లీ లేచింది, నిన్న జరిగినట్టే. కార్నెగీ మెలన్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ జాన్ ఫెట్కోవిచ్ 2004లో వీడియో చూసి, గోడకి బంతులు కొట్టి లెక్కలు కట్టాడు. ఫుకువా అడ్డంగా పరిగెడుతున్నాడు, టేటమ్ ఎదురుగా దూసుకొస్తున్నాడు, అంత దూరం వెనక్కి ఎగిరిందంటే టేటమ్‌కే తగిలి ఉండాలి అన్నది ఆయన తీర్పు. నాకైతే సబబుగానే తోచింది. పెద్దాయన ఒప్పుకోలేదు, అంటే తీర్పుని కాదు, లెక్క కట్టడాన్నే. "ఫ్రెంచీకి తెలుసు. చెప్పడు. చెప్పకపోవడమే మంచిది" అన్నాడు. నిజమే, ఫుకువా ఇన్నేళ్లుగా ఆ ప్రశ్నకి నవ్వి దాటేస్తూనే ఉన్నాడు. ఫ్రాంకోని కాపలా కాయాల్సిన రైడర్స్ ఆటగాడు ఫిల్ విల్లపియానో మాత్రం తనని వెనకనుంచి అడ్డుకున్నారని, రిఫరీ చూడలేదని చెప్తూనే ఉంటాడు. ఆయన పుట్టింది మా న్యూజెర్సీలో. ఆ ముక్క నేను బయటికి అనలేదు, మాకు ఇంకా కాఫీ కావాలి.

అప్పుడు నాన్న గొంతు సవరించుకున్నారు. ఇంగ్లిష్‌లో, బ్యాంకు మేనేజరు మీటింగ్‌లో మాట్లాడినట్టు మొదలుపెట్టారు.

"1983 జూన్ 18. ఇంగ్లండ్‌లో టన్‌బ్రిడ్జ్ వెల్స్ అని చిన్న ఊరు. వరల్డ్ కప్. మా టీమ్ 17 పరుగులకి ఐదు వికెట్లు..."

వికెట్ అంటే ఏమిటో చెప్పడానికి మా ఆయన పక్కన చేరారు. మొన్న కారులో ఆయన పాఠం చెప్పినంత ఓపిగ్గానూ వాళ్లు విన్నారు. జింబాబ్వే మీద కపిల్ దేవ్ 175 నాటౌట్. కిర్మానీ ఒక కొస నిలబడ్డం. జట్టు 266. తర్వాత కప్పు గెలవడం. నాన్న చేతులు ఊపుతూ కపిల్ ఏ బంతిని ఎటు కొట్టాడో చూపించారు. కాఫీ కప్పు ఒలికింది.

"మీరు స్టేడియంలో ఉన్నారా?" అని అడిగాడు పెద్దాయన.

"లేదు. తెనాల్లో ఉన్నాను."

"టీవీలోనా?"

"వీడియోనే లేదండీ. ఎవరూ తియ్యలేదు. మర్నాడు పేపర్లో చదివాను."

పెద్దాయన ఒక నిమిషం నాన్న వంకే చూసి, పక్కవాడి భుజం తట్టి, "విన్నావా, ఈయన మన మనిషే" అన్నాడు. తర్వాత వాళ్లిద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. నేనూ అమ్మా నది ఒడ్డున నడిచొచ్చేదాకా అక్కడే ఉన్నారు.

ఫ్రాంకో గురించి వాళ్లు చెప్పింది ఇంకొకటి రాయాలి. ఆట మానేశాక కూడా ఆయన ఈ ఊరు వదల్లేదు. ఎవరు ఆపి తమ కథ చెప్పినా, ఆ రోజు నేనెక్కడున్నానంటే అని మొదలుపెట్టినా, నిలబడి పూర్తిగా వినేవాడట. ఎన్ని వేలసార్లు విని ఉంటాడో. క్యాచ్‌కి 50 ఏళ్లు నిండే వారంలో, తన 32వ నంబర్ జెర్సీని టీమ్ గౌరవంగా పక్కన పెట్టే వేడుకకి నాలుగు రోజుల ముందు, 2022 డిసెంబర్ 20న చనిపోయాడు. వేడుక ఆగలేదు. డిసెంబర్ 24 రాత్రి, గడ్డకట్టే చలిలో, అదే రైడర్స్‌తో మ్యాచ్. చివరి నిమిషంలో టచ్‌డౌన్ చేసి స్టీలర్స్ 13-10తో గెలిచారు. ఈ మ్యాచ్ మాత్రం మా హాల్లో అందరం చూశాం. మా ఆయన ఏడ్చారు. ఒక ఆటకి ఇంత ఏమిటని అప్పుడు నేను విసుక్కున్నాను కూడా.

మ్యాచ్ మొదలయ్యేముందు జనం స్టేడియంలోకి వెళ్లిపోయారు. మేం డౌన్‌టౌన్‌కి నడిచి వెళ్లి, ఒక హోటల్లో టీవీ ఎదురుగా కూర్చుని చీజ్ శాండ్‌విచ్‌లు తిన్నాం. ఇక్కడ ఆలూ వేపుడు శాండ్‌విచ్ లోపలే పెట్టిస్తారు. అమ్మకి ఈ ఊళ్లో గుడి తర్వాత నచ్చింది అదే.

సోమవారం

తిరుగు ప్రయాణం. వాన. సొరంగాల్లో మాత్రం వైపర్లు ఆపి హాయిగా వెళ్లాం. అమ్మ పులిహోర పొట్లాలు విప్పింది, మూడో రోజుకి ఇంకా రుచి పెరిగింది.

టస్కరోరా దాటాక నాన్న వాట్సాప్‌లో తెనాలిలో ఉన్న స్నేహితుడికి కాల్ కలిపారు. ఇద్దరూ ఒకే బ్యాంకులో పనిచేశారు. కుశలప్రశ్నలు, మందుల సంగతులు, దర్శనం బాగా అయిందన్న మాట అయ్యాక నాన్న గొంతు పెరిగింది.

"ఒరేయ్, నీకో సంగతి చెప్తా విను. ఇరవై రెండు సెకండ్లే ఉంది. ఒకడు విసిరాడు, ఇంకోడు గుద్దాడు, బంతి ఇంతెత్తు లేచింది. స్టేడియంలో లక్షమంది లేచి నిలబడిపోయారు..."

లక్ష కాదు మామయ్యగారూ, యాభై వేలు అని చెప్పడానికి మా ఆయన అద్దంలోకి చూశారు. నేను ఆయన మోచెయ్యి నొక్కాను. అవతల స్నేహితుడు ఏదో అడిగినట్టున్నాడు.

"ఎక్కడేంట్రా, నేను నిలబడ్డ చోటే!" అన్నారు నాన్న.